పార్కు గోడ మీద ఎనిమిది బతుకమ్మలు, ఒక ఖాళీ తాంబాలం

ఉప్పల్ వైపు ఉండే మా కాలనీ పార్కు ముందు గోడకు 2024 బతుకమ్మ పండుగకు బొమ్మలు వేయించాం. వేసింది ముగ్గురే. బొమ్మలు గీసే ఒక అమ్మాయి, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదువుకున్న పిల్ల. గోడకు రంగులు వేసే ఒక అబ్బాయి. ఒకప్పుడు వరంగల్‌లో దుకాణాలకు బోర్డులు రాసిన, అరవై దాటిన ఒక పెద్దాయన. కాలనీ సంఘంలో సాంస్కృతిక కార్యదర్శిని నేనే కాబట్టి బేరం మాట్లాడింది నేనే, గట్టిగా అడగాల్సినచోట అడిగింది నేనే, చివరికి చెక్కు చేతిలో పెట్టింది కూడా నేనే. పని అయిన వారానికే రాద్దామనుకున్నాను. కానీ కొత్త రంగు ఏ గోడ మీదైనా బాగానే కనిపిస్తుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచి రెండో బతుకమ్మ కూడా చూశాక రాస్తే చదివేవాళ్లకు పనికొస్తుందని ఆగాను.

ముందు డబ్బు సంగతి. ఫోన్ చేసిన ప్రతి కాలనీవాళ్లూ మొదట అడిగేది అదే. మా గోడకు పిల్లర్లు పది, వాటి మధ్య గళ్లు తొమ్మిది, పండుగ తొమ్మిది రోజులకు రోజుకొకటి. ఒక్కో గడి ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. అంతా కలిపి 432 చదరపు అడుగులు. అడుగుకు 95 రూపాయల లెక్కన 41,040 రూపాయలు, బొమ్మల డిజైన్‌కు విడిగా 12,000, గేటు మీద పేరు రాసినందుకు 4,000. మొత్తం 57,040 రూపాయలు. గోడ గీకడం, పుట్టీ, ప్రైమర్, రంగులు వాళ్లవి. నిచ్చెనలు, నీళ్లు, మధ్యాహ్నం అన్నం మావి. ఫ్లెక్సీ కొట్టిస్తే ఇందులో పదో వంతు కూడా కాదని మా కోశాధికారి మూడు మీటింగుల్లో చెప్పారు. నిజమే. ఆ ఫ్లెక్సీ పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ అయిన నాలుగో రోజుకు చినిగి నాలాలో తేలుతుంది, అదీ నిజమే. పైగా ఏటా మా కూడలిలో కట్టే ఫ్లెక్సీల్లో ముఖాలు తలుపంత ఉంటాయి, బతుకమ్మ బొటనవేలంత ఉంటుంది. ఆ బాధ నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఒక్కసారైనా మా వీధిలో బతుకమ్మ పెద్దగా ఉండాలని పట్టుబట్టాను.

2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన తర్వాత నగరంలో ఎటు చూసినా ఆ బొమ్మ కనిపిస్తోంది. ఫ్లైఓవర్ గోడల మీద, కూడళ్లలో, ట్యాంక్‌బండ్ మీద. చూసి సంతోషపడినదాన్నే. కానీ దగ్గరికి వెళ్లి చూస్తే చాలాచోట్ల అందులో పువ్వు ఉండదు. గుండ్రటి రంగు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఒక బంతిపువ్వు పెట్టి బతుకమ్మ అంటారు. ఈ బృందం తెచ్చిన మొదటి స్కెచ్ కూడా అచ్చం అలాగే ఉంది.

ఆ స్కెచ్ గురించి దాచకుండా చెప్తాను, ఎందుకంటే ఈ బృందం మీద నాకు గౌరవం కలిగింది కూడా అక్కడి నుంచే. ఆగస్టు ఆఖర్లో ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో చూపించింది. బతుకమ్మంతా ఒకే నారింజ రంగు బంతిపూలు. చుట్టూ ఆడవాళ్లు, చేతుల్లో కోలలు, ఒంటి మీద లెహంగాలు. ముఖాలకు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని స్త్రీలకున్నట్టు ముదురు ఒంటిఛాయ, నిండు బొట్టు. గీత మాత్రం చక్కగా ఉంది, చెయ్యి తిరిగిన పిల్ల అని తెలుస్తోంది. మా వెనక వీధి అవ్వ, నల్లగొండ వైపు మనిషి, ఎనభై దాటింది, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "బిడ్డా, గిది కేకు లెక్కుంది. మరి గునుగు ఏది?" అన్నది. గునుగంటే ఏమిటని ఆ అమ్మాయి అడిగింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డీజే పెట్టి ఆడే బతుకమ్మనే చూసింది. తప్పు ఆ పిల్లది కాదు. తంగేడు మన రాష్ట్ర పుష్పం అని పిల్లలంతా బడిలో చదువుతారు, చెట్టు ముందు నిలబెడితే గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది?

ఇంకొకరైతే ఇంటర్నెట్‌లో గునుగు ఫొటో వెతికి రెండు కాడలు అతికించి తెచ్చేవాళ్లు. ఈ పిల్ల లాప్‌టాప్ మూసేసి, "ఆంటీ, ఆ పువ్వు ఉన్నచోటికి నన్ను తీసుకుపోతారా?" అని అడిగింది.

వినాయక చవితి మర్నాడు, ఆదివారం, ఘట్‌కేసర్ దాటి బీబీనగర్ వైపు వెళ్లాం. రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే బీళ్లలో, చేల గట్ల మీద గునుగు తెల్లగా ఊగుతోంది. అది పుట్టుకతో తెలుపు, కొసన కొంచెం గులాబీ. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా అన్నీ మనం రంగు నీళ్లలో ముంచి తెచ్చేవే. ఆ పిల్ల అక్కడే కూర్చుని గంటన్నర గీసుకుంది. తంగేడు రెమ్మ కోసి ఆకుల వరస లెక్కపెట్టుకుంది. రేకులు ఐదని, వాటి మీద సన్నని గీతలుంటాయని, పువ్వు పక్కనే గోధుమరంగు చదును కాయలు వేలాడుతుంటాయని చూసుకుంది. ఆ కాయలు ఇప్పుడు మా గోడ మీద ఉన్నాయి. పల్లె నుంచి వచ్చినవాళ్లు వాటిని చూడగానే ఆగుతారు.

ఇంటికొచ్చాక వరండాలో చిన్న బతుకమ్మ పేర్చి చూపించాను. నేను పుట్టింది జనగామ పక్క పల్లెలో, పేర్చడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరవాలి. గునుగు కాడలు సమంగా కోసి, నాలుగైదు కలిపి దారంతో కట్టాలి. అంచున తంగేడు ఒక వరస, దాని మీద గునుగు, ఆ పైన బంతి, చామంతి, కట్లపూలు, ఇంట్లో ఏవుంటే అవి. వరస పేర్చినప్పుడల్లా నడుమ ఆకులు, మిగిలిన కాడల తుంపులు కూరుకుంటూ పోవాలి, లేకపోతే లోపలికి కుంగిపోతుంది. పైకి పోయేకొద్దీ సన్నబడాలి. శిఖరాన గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. ఆ పిల్ల బతుకమ్మను గీయలేదు, నా చేతులను గీసింది. దారం పళ్లతో తెంపడం, బొటనవేలితో పువ్వును లోపలికి నొక్కడం, తాంబాలం తిప్పుకుంటూ పేర్చడం, అన్నీ. మొదటి గడిలో ఇప్పుడున్నది ఆ చేతులే. పండుగ మొదటి రోజైన ఎంగిలి పూల బతుకమ్మకు ముందు రోజే పూలు కోసి తెచ్చుకుంటాం కదా, రాత్రి దీపం వెలుగులో కాడలు కోస్తున్న రెండు జతల చేతులు, ఒకటి ముసలి చెయ్యి, ఒకటి పసి చెయ్యి. ముఖాలు లేవు. మా గోడంతటిలో నాకు బాగా నచ్చిన వాటిలో అదొకటి.

ముఖాల విషయంలో కూడా మాట్లాడుకున్నాం. వైకుంఠం గారి స్త్రీలు ఆయన ఊరి నుంచి, ఆయన బాల్యం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను గోడలకెక్కించి తెలంగాణ ఆడవాళ్లందరూ ఇలాగే ఉంటారన్నట్టు చేయడం నాకు ఇష్టం లేదని చెప్పాను. సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925–2012) జీవితమంతా మన పండుగలు, పనిపాటలు, పల్లె మనుషులనే గీశారు, బతుకమ్మను కూడా. ఆయన బొమ్మలు చూడమన్నాను. చూసి వచ్చాక ఆ అమ్మాయి చేసింది అనుకరణ కాదు. మా కాలనీ ఆడవాళ్లను గీసింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చి మెడలో గుర్తింపు కార్డు తీయకుండానే ఆటలో చేరిన ఒకామె ఉంది. నడుం పట్టేసి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతున్న అవ్వ ఉంది. చేతుల్లో కోలలు పోయాయి. వంగి లేస్తూ చప్పట్లు కొట్టే భంగిమ వచ్చింది. దాని కోసం మా మేడ మీద పదిమందిమి ఒక సాయంత్రం ఉయ్యాల పాటలు పాడుతూ తిరిగాం, ఆమె మధ్యలో కూర్చుని గీసుకుంది.

జనగామకు చేర్యాల ఎంతో దూరం కాదు. అక్కడి నకాషీ పటాలు చిన్నప్పుడు చూశాను. ఎర్రటి నేల మీద అడ్డంగా పట్టీలు పట్టీలుగా కథ నడుస్తుంది, పట్టీకీ పట్టీకీ మధ్య పూల అంచు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు. తొమ్మిది గళ్ల గోడను కూడా అలా ఒక చివర నుంచి ఇంకో చివరకు చదువుకుంటూ పోయేలా చేద్దామని ఆ అమ్మాయే అన్నది. మా సంఘంలో ఒకరు "అయితే చేర్యాల శైలి అని రాసేద్దాం, పేపర్లో వస్తుంది" అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అది నకాషీ కుటుంబాల చేతి పని, చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద వాళ్లు తరాలుగా చేస్తున్నది, వాళ్లను పిలవకుండా వాళ్ల పేరు పెట్టుకోవడం సరికాదని చెప్పింది. కావాలంటే ఆ డబ్బుతో వాళ్లనే పిలవండి, నేను తప్పుకుంటాను అని కూడా అన్నది. ఇరవై ఐదేళ్లు దాటని పిల్ల నోట ఆ మాట విని నాకు కడుపు నిండింది.

డిజైన్ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంకొక్క సంగతి. మా గోడ ముందు నలభై అడుగుల రోడ్డు. బండి మీద పోయేవాళ్లకు ఒక్కో గడి కనిపించేది రెండు సెకన్లు. నడిచేవాళ్లకు, బెంచీ మీద కూర్చునేవాళ్లకు గంటలు. అందుకని ప్రతి గడిలో దూరానికి తెలిసే పెద్ద ఆకారం ఒక్కటే పెట్టింది. చిన్న చిన్న ముచ్చట్లన్నీ కింద, పిల్లల కళ్ల ఎత్తున పెట్టింది: అటుకుల గిన్నె దగ్గర చీమలు, పెనం పక్కన పిల్లి, తాంబాలం అంచున ఒక తూనీగ. రంగులు ఆరే వాడింది. తంగేడు పసుపు, బంతి నారింజ, గునుగు ఊదా, ఆకుపచ్చ, ముదురు మెరూన్, నేలకు సున్నపు తెలుపు. ఒక రాత్రి గోడ మూలన ఆరు పట్టీలు రాసి వీధి దీపం వెలుగులో ఎలా కనిపిస్తాయో చూసి, నారింజను రెండుసార్లు మార్చింది. పండుగ జరిగేది సాయంత్రం, చీకటి పడ్డాక. పగటి వెలుగుకే రంగు కలిపేవాళ్లకు ఈ ఆలోచన రాదు.

గళ్లన్నీ వివరించను. మూడోది, నాలుగోది మామూలుగా ఉన్నాయి. ముద్దపప్పు, నానబియ్యం గిన్నెలు రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడ కొంచెం తొందరపడ్డారనిపిస్తుంది. ఐదోది అట్ల బతుకమ్మ, పెనం మీద పొగ బాగా కుదిరింది. ఏడో గడిలో మొదట నిజం వేపకాయలు గీసింది! వేపకాయల బతుకమ్మ అంటే బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయించి పెట్టడం. అవ్వే వండి తెచ్చి చేతిలో పెట్టింది, తిన్నాక మార్చింది. తొమ్మిదోది సద్దుల బతుకమ్మ. మామూలుగా అందరూ పల్లె చెరువు, తాటిచెట్లు గీస్తారు. ఇక్కడ ఉప్పల్ నల్లచెరువు కట్ట ఉంది, వెనక అపార్ట్‌మెంట్ల కిటికీల్లో లైట్లు, ఓ పక్కన నాగోలు నుంచి వచ్చే మెట్రో పట్టాల వంతెన, దాని కింద తలల మీద బతుకమ్మలతో నడుస్తున్న ఆడవాళ్లు. ఇది మా ఊరు, మా పండుగ అని గోడ చెప్పాలంటే ఆ మెట్రో వంతెన ఉండాల్సిందే.

ఇక ఆరో గడి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, అర్రెం అని కూడా అంటాం. ఆ రోజు బతుకమ్మను పేర్చం, నైవేద్యం పెట్టం. ఎప్పుడో బతుకమ్మకు మాంసం ముద్ద తగిలి అలిగిందని మా అమ్మ చెప్పేది. మరి ఎనిమిది అడుగుల గోడ మీద లేని బతుకమ్మను ఎలా చూపించాలి? సంఘంలో పెద్ద చర్చ నడిచింది. ఆ గడి ఖాళీయే కదా, దాతల పేర్లు రాయిద్దాం అన్నారు ఒకరు. ఒక స్వీటు షాపు ప్రకటన వేస్తే పదివేలు వస్తాయి అన్నారు ఇంకొకరు. ఆరో రోజును వదిలేసి సద్దుల బతుకమ్మనే రెండు గళ్లలో పెద్దగా వేద్దాం అన్నారు మరొకరు. నేను ఒప్పుకోలేదు. తొమ్మిది రోజుల్లో ఆ ఒక్క రోజు ఇల్లంతా వెలితిగా ఉండేది, పక్కింటి పిల్లలు కూడా మెల్లగా మాట్లాడేవాళ్లు. మర్నాడు మళ్లీ పూలు వచ్చినప్పటి సంబరం ఆ వెలితి వల్లే. దాన్ని తీసేస్తే పండుగ లెక్క తప్పుతుంది.

ఆ అమ్మాయి రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి ఒక చిన్న కాగితం చూపించింది. కడిగి గోడకు ఆనించిన ఖాళీ ఇత్తడి తాంబాలం. దూరంగా ఎవరూ కోయని తంగేడు చెట్టు, నిండా పూలతో. మిగతాదంతా సున్నపు తెలుపు. అంతే. మీటింగులో అందరూ నిశ్శబ్దంగా చూశారు. అవ్వ కళ్లు తుడుచుకుంది. ఖాళీ గడికి కూడా అడుగుకు 95 రూపాయలేనా అని కోశాధికారి అడిగారు. అవును, అంతే ఇచ్చాం. ఇవ్వాల్సిందే. ఆ తాంబాలం మెరుపుకు పెద్దాయనకు రెండు రోజులు పట్టింది.

ఆయన గురించి విడిగా చెప్పాలి. రోజుల పేర్లు మొదట కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింటు తీసి, కాగితం మీద అచ్చు కత్తిరించి రాద్దామనుకున్నారు. ప్రింటు చూస్తే "అట్ల" కాస్తా "అట్‌ల" అయింది, "సద్దుల" కాస్తా "సద్‌దుల" అయింది. వత్తు కిందికి దిగలేదు, పొల్లు నిలబడింది. నగరంలో ఎన్ని బోర్డుల మీద, ఎన్ని స్వాగత తోరణాల మీద తెలుగును ఇలా విరగ్గొట్టి పెడుతున్నారో చూస్తూనే ఉన్నాం. పెద్దాయన ఆ ప్రింటును మడిచి పక్కన పెట్టాడు. సుద్ద పట్టించిన దారాన్ని గోడ ఈ చివర నుంచి ఆ చివరకు లాగి పట్టి, మధ్యలో ఎత్తి వదిలాడు. గీత పడింది. బొగ్గుముక్కతో అక్షరాలు లేతగా గుర్తు పెట్టుకుని, చదును కుంచె తీసుకున్నాడు. తలకట్టు ఒక్క ఊపులో. "వెన్నముద్దల" రాస్తున్నప్పుడు నకార వత్తును, దకార వత్తును ఒకే లోతుకు దించడానికి ఊపిరి బిగపట్టి రాశాడు, పక్కనే నిలబడి చూశాను. "ఫ్లెక్సీలు వచ్చినంక పదేండ్లు ఈ కుంచె పట్టలేదమ్మా" అన్నాడు. అక్షరాల చుట్టూ సన్నని మెరూన్ నీడ ఇచ్చాడు. గేటు మీది పేరుకు 4,000 ఎక్కువని అన్నవాళ్లు ఇప్పుడు ఆ గేటు కింద ఫొటోలు దిగుతున్నారు.

ఇప్పుడు నాకు నచ్చనివి. ఒప్పుకున్న గడువు సెప్టెంబర్ 28. పని పూర్తయింది అక్టోబర్ 1 రాత్రి పదకొండింటికి. మర్నాడే ఎంగిలి పూలు. సెప్టెంబర్ 17న వినాయక నిమజ్జనం అయ్యేదాకా రంగుల అబ్బాయికి మండపాల పని ఉంటుందని ముందే చెప్పారు, దానికి ఒప్పుకున్నాం. మధ్యలో రెండు రోజులు వాన, దానికి ఎవరేం చేస్తారు. కానీ ఇంకో మూడు రోజులు వేరే పనికి వెళ్లాడు, ఆ మాట మాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే "వస్తున్నా మేడం" అనేవాడు. చివరి రెండు రోజులు కాలనీ కుర్రాళ్లు ఫోకస్ లైట్లు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. మూడో, నాలుగో గళ్లు మామూలుగా రావడానికి కారణం ఈ హడావిడే. ఆలస్యం కంటే చెప్పకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రెండోది చెమ్మ. పార్కులో మొక్కలకు నీళ్లు పడతారు, గోడ పునాది ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పాత రంగు గీకి పుట్టీ పెట్టారు తప్ప అడుగున చెమ్మ ఆపే పూత వేయలేదు. ఫిబ్రవరికల్లా కింది అడుగు మేర ఉప్పు పొంగింది, మొదటి గడిలో దీపం కుందె సగం పొట్టులా రాలిపోయింది. గోడ చూడగానే అనుభవమున్నవాళ్లు చెప్పాల్సిన మాట అది. మూడోది ఊదా రంగు. పడమటి ఎండ సూటిగా తగిలే గోడ మాది. మే నెల అయ్యేసరికి గునుగు ఊదా పాలిపోయి బూడిద రంగుకు వచ్చింది. పసుపు, మెరూన్, ఆకుపచ్చ మాత్రం చెక్కుచెదరలేదు. గులాబీ, ఊదా రంగుల్లో ఎండకు తట్టుకునే మంచి రకం అడిగి తీసుకోవాలని, అది ఖరీదెక్కువని తర్వాత పెద్దాయన చెప్పాడు. ఆ ఖరీదు ముందే చెప్పి ఉంటే ఇచ్చేవాళ్లం.

ఏడాదిలోపు ఒకసారి ఉచితంగా సరిచేస్తామని ఒప్పంద కాగితంలో రాయించుకున్నాను. వేయించుకునేవాళ్లందరూ తప్పక రాయించుకోండి. మూడుసార్లు ఫోన్ చేశాక 2025 ఆగస్టులో ముగ్గురూ వచ్చారు. ఊదా మొత్తం మంచి రంగుతో మళ్లీ వేశారు, పైసా తీసుకోలేదు. అడుగున పుట్టీ గీకి చెమ్మ ఆపే పూత వేసినందుకు 2,500 తీసుకున్నారు, అది న్యాయమే. ఆ అమ్మాయి ఎవరూ అడగకుండానే నాలుగో గడి నానబియ్యం గిన్నెను చెరిపేసి, బియ్యం నీళ్లలో నానుతున్నట్టు, అడుగున గింజలు కనిపించేట్టు మళ్లీ వేసింది. "పోయినేడు నాకే నచ్చలేదు ఆంటీ" అన్నది.

ఆ పూతకు పరీక్ష వెంటనే వచ్చింది. మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చిన వానలు గుర్తున్నాయి కదా, 2025 సెప్టెంబర్ ఆఖర్లో. సరిగ్గా ఆ 26వ తేదీయే అలిగిన బతుకమ్మ. మేము ఇళ్లలోంచి బయటికి రాలేదు. వాన కొంచెం తెరిపి ఇచ్చాక గొడుగు వేసుకుని గోడ చూడ్డానికి వెళ్లాను. నీళ్లు కారుతున్నాయి, రంగు కారలేదు. ఆరో గడి ముందు మూడో వీధి తండ్రి ఒకాయన కూతుర్ని ఎత్తుకుని నిలబడ్డాడు. "ఇందులో పువ్వులెందుకు లేవు?" అని ఆ పాప అడుగుతోంది. వాళ్లది విజయవాడ వైపు, ఆయనకు తెలియదు. నేను చెప్పాను. పాప గోడ పక్కనే నడిచి ఏడో గడి దగ్గరికి పోయి, వేపకాయల బతుకమ్మను చేత్తో తడిమి, "ఇవాళ అలిగింది, రేపు వస్తుంది" అని వాళ్ల నాన్నకు చెప్పింది.

ఈ ఏడాదిలో ఆ గోడ మీద కోచింగ్ సెంటర్ పోస్టరు ఒక్కటి కూడా అంటించలేదు. అంతకుముందు గోడ మూలన ముక్కు మూసుకుని నడిచేవాళ్లం, ఇప్పుడు అక్కడ సాయంత్రాలు జొన్నరొట్టెలమ్మే ఆమె కూర్చుంటోంది. పార్కు మున్సిపాలిటీది కాబట్టి అనుమతి కోసం అర్జీ పెట్టుకోవాలి, మాకు పన్నెండు రోజులు పట్టింది. చవితికి నెల ముందే మొదలుపెట్టండి.

ఎవరికి సరిపోతుందంటే, తొందరగా, చవకగా, ఎవరో గీసిన బొమ్మ తెచ్చి అతికిస్తే చాలనుకునేవాళ్లకు ఈ బృందం వద్దు. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే ఓపిక, మూడుసార్లు స్కెచ్ మార్పించే ఓపిక ఉన్నవాళ్లు పిలవండి. గడువును వారం ముందుకు చెప్పండి. ఊదా రంగు డబ్బా మీద ఏం రాసుందో చదవండి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి చెప్పకుండా పనికి రాని ఆ మూడు రోజులకు.

పార్కు వెనక గోడ ఇంకా ఖాళీగా ఉంది. ఆషాఢానికి అక్కడ బోనాలు వేయిద్దామని సంఘం తీర్మానం చేసింది, ఈసారి కోశాధికారే ప్రతిపాదించారు. ఫోన్‌లో చెప్తే ఆ అమ్మాయి రేటు మాట్లాడలేదు. "లాల్‌దర్వాజకు ఒకసారి తీసుకుపోండి ఆంటీ, పోతరాజు చేతిలో కొరడా ఎట్ల పేనుతారో చూడాలి" అన్నది.